మూసేసేలోపు చూడాల్సినవి: మా మొదటి ఇంటి పని

ఇల్లు కట్టడంలో ప్రతి పనీ దాని ముందు పనిని కప్పేస్తుంది. ఫుటింగును (కాలమ్ కింది పునాది దిమ్మను) మట్టి కప్పుతుంది, ఇనుమును కాంక్రీటు కప్పుతుంది, గోడలోని పైపును ప్లాస్టింగు కప్పుతుంది, బాత్రూం నేలలో వేసిన వాటర్‌ప్రూఫింగును టైలు కప్పుతుంది. గుంటూరు శివార్లో 200 గజాల్లో మా మొదటి ఇల్లు లేవడానికి 13 నెలలు పట్టింది. ఆ 13 నెలల్లో చిరాకు పెట్టిన సమస్యల్లో చాలావరకు, చూడాల్సినవాళ్ళు చూడకముందే ఏదో ఒకటి కప్పేసిన దగ్గరే పుట్టాయి. అందుకే ఏ దశలో ఏది మూతపడుతుందో, ఆలోపు ఏం చూసుకోవాలో, ఎక్కడ ఆగక తప్పదో వరసగా రాస్తున్నాను.

స్థలం 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, తూర్పు ముఖం. 200 గజాలంటే 1800 చదరపు అడుగులు, అంటే 167 చదరపు మీటర్లు. మాకు వచ్చిన ప్లాను ప్రకారం ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు ఖాళీ వదలాలి. వెడల్పులో రెండు మీటర్లు, అంటే ఆరున్నర అడుగులు పోతే ఇంటికి మిగిలేది 23 అడుగుల చిల్లర. అందులో రెండు పక్కలా 9 అంగుళాల గోడలు, మధ్యలో నాలుగున్నర అంగుళాల గోడ తీసేస్తే పక్కపక్కనే ఉండే రెండు గదులకు ఒక్కోదానికి పదిన్నర అడుగులకు కాస్త పైన వస్తుంది. ఈ కూడికలు తీసివేతలు చేయకుండా ముందు వాస్తు ప్లాను గీయించుకుని, 12 అడుగుల గదులు ఊహించుకుని, తర్వాత మళ్ళీ మొదటికి వచ్చేవాళ్ళు చాలామంది. మేం 23 అడుగుల వెడల్పు, 43 అడుగుల పొడవు తీసుకున్నాం. ముందు మిగిలిన చోటు కారుకి, సంపుకి.

ఇక్కడే ఇంకో మాట. అప్రూవల్ కోసం గీసే డ్రాయింగు వేరు, స్ట్రక్చరల్ డ్రాయింగు వేరు. మొదటిదాంట్లో కాలమ్ ఎక్కడుందో ఉంటుంది, అందులో ఎన్ని రాడ్లు, ఎంత మందంవి, వాటి చుట్టూ కట్టే రింగులు ఎంత దూరంలో అన్నది ఉండదు. రెండోది లేకుండా పని మొదలుపెడితే ఇనుము లెక్క మేస్త్రి అలవాటు ప్రకారం నడుస్తుంది. స్ట్రక్చరల్ ఇంజనీరు ఫీజు మొత్తం ఖర్చులో చిన్న ముక్క. దాన్ని మాత్రం మిగుల్చుకోవాలని చూడకండి.

మేం ఎంచుకున్నది లేబర్ కాంట్రాక్టు: సామాను మాది, పనితనం మేస్త్రిది. గొడవలు రేటు మీద రావు, దేన్ని చదరపు అడుగు కింద లెక్కపెట్టాలన్న దాని మీద వస్తాయి. స్లాబు వైశాల్యమా, గోడల బయటి కొలతా? పోర్టికో పూర్తిగా లెక్కా, సగమా? సజ్జలు, పిట్టగోడ, మెట్లు, సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ లోపలా, బయటా? ఇవి ఒక్కొక్కటీ పేరు పెట్టి కాగితం మీద రాయాలి. వేసిన గోడ తప్పయితే పగలగొట్టి మళ్ళీ కట్టే కూలి ఎవరిదో కూడా రాయాలి. డబ్బు విడతల విషయంలో మా అభిప్రాయం గట్టిది: స్లాబు పడేసరికి మేస్త్రికి సగానికి మించి వెళ్ళకూడదు. స్లాబు పడ్డాక ఇల్లు అయిపోయినట్టే కనిపిస్తుంది గానీ, ఎక్కువ రోజులు పట్టే ఓపిక పనులన్నీ ఆ తర్వాతే ఉంటాయి. ముందే ఎక్కువ తీసుకున్న ముఠా అప్పటికి ఇంకో స్లాబు దగ్గర ఉంటుంది.

బ్యాంకు డబ్బూ దశలవారీగానే వస్తుంది. మన వాటా ముందు ఖర్చయినట్టు కనిపించాకే మొదటి విడత. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల దాకా రుణమైతే ఇంటి విలువలో 90 శాతం వరకు, 30 నుంచి 75 లక్షల మధ్యయితే 80 శాతం వరకు ఇవ్వొచ్చు. అయితే ఒక దశ పూర్తయి, బ్యాంకు పంపిన ఇంజనీరు చూసి, రిపోర్టు వెళ్ళి, డబ్బు పడేలోపు మాకు ఒక్కోసారి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ సెంట్రింగు సామాను (కాంక్రీటుని మోసే పలకలు, జాకీలు) అద్దె ఆగదు. ఒక దశకి సరిపడా డబ్బు ఎప్పుడూ చేతిలో ఉండాలి, అప్పుడే పని డబ్బు కోసం ఎదురుచూడదు.

ఇక నేల. మాది నల్లరేగడి. వానలో ఉబ్బుతుంది, ఎండలో కుంచించుకుపోయి బీటలిస్తుంది. ఇల్లంతా ఒకేలా పైకి లేచి ఒకేలా దిగితే గోడకు అంత ప్రమాదం లేదు. ఒక మూల తడిసి ఉబ్బి, ఇంకో మూల ఎండి దిగితేనే గోడ చీలుతుంది. లోతైన రేగడిలో అండర్ రీమ్డ్ పైల్స్ వేస్తారు. మూడున్నర, నాలుగు మీటర్ల లోతుకి బోరు తీసి, అడుగున కాడ మందానికి రెండున్నర రెట్లు వెడల్పుగా గుబ్బ చేసి కాంక్రీటు పోస్తారు. మా దగ్గర పరీక్ష గుంట తీస్తే ఐదున్నర అడుగుల రేగడి, దాని కింద గట్టి సుద్ద, గ్రావెలు కలిసిన పొర తగిలాయి. అందుకని పైల్స్ అక్కర్లేదు, 7 అడుగుల లోతున ఆ గట్టి పొర మీద ఫుటింగులు వేయొచ్చన్నారు ఇంజనీరు. ఈ పరీక్ష గుంట పని ఒక్క పూటది. పక్కింటివాళ్ళు 5 అడుగులకే వేశారన్న మాట మీద వెళ్ళి ఉంటే మా ఫుటింగు రేగడిలోనే కూర్చునేది.

నేల మీద ఇంటి కొలతలకి ముగ్గు పోసిన రోజు మొదటి పాఠం. మేస్త్రి పక్క ప్రహరీ గోడను ఆధారంగా తీసుకుని దారం లాగారు. 23 అడుగులు, 43 అడుగుల దీర్ఘచతురస్రానికి ఏ మూల నుంచి దాని ఎదురు మూలకి కొలిచినా 48 అడుగుల 9 అంగుళాలు రావాలి. ఒక మూల నుంచి కొలిస్తే 48 అడుగుల 10 పైన, రెండోదాన్నుంచి 48 అడుగుల 8 వచ్చింది. పక్క ప్రహరీ రోడ్డుకి లంబంగా లేదు, కాస్త పక్కకి తిరిగి ఉంది. అంత చిన్న తేడాని ముగ్గు దశలో దారం జరిపి సరిచేయడానికి అరగంట పట్టింది. వదిలేస్తే అది టైల్స్ వేసే రోజు బయటపడేది: గది ఒక చివర పూర్తి టైలు, రెండో చివర గోడ వెంట సన్నగా కోసుకుపోయే ముక్క. మూల నుంచి ఒక వైపు 3, రెండో వైపు 4 అడుగులు కొలిస్తే ఆ రెండు చివరల మధ్య 5 రావాలన్న లెక్కతో మూల సరిచూడటం చాలామందికి తెలుసు. దాని తర్వాత ఎదురెదురు మూలల మధ్య ఐమూల కొలత కూడా మనమే పట్టుకుని చూడాలి.

గుంటలు 12. ఒక్కోటి 5 అడుగుల చదరం. జేసీబీతో తీస్తే ఒక్క రోజులో అయిపోయింది, రెండు తప్పులతో. మూడు గుంటలు ఏడడుగులకు బదులు ఎనిమిదికి దగ్గరగా వెళ్ళాయి. తీసిన మట్టినే అడుగున వేసి సమం చేద్దామన్నారు. అలా చేయకూడదు, ఎక్కువ తవ్విన లోతు సిమెంటు పాలు తక్కువున్న కాంక్రీటుతోనే నింపాలి. రెండోది, 12 గుంటలూ ఒకేసారి తీయించి, ఫుటింగు కింద పరిచే బెడ్డు కాంక్రీటు నాలుగు రోజులు వాయిదా వేయడం. మూడో రోజు అకాల వాన పడింది. నీళ్ళు తోడేశాక పైకి గట్టిగా కనిపించిన అడుగులో పార గుచ్చితే ఆరు అంగుళాలు దిగింది. రేగడి అంచులు కూలి గుంటలోకి వచ్చాయి. ఆ బురద మొత్తం గీకేసి, మళ్ళీ గట్టి నేల తగిలేదాకా దింపి, అప్పుడు సిమెంటు, ఇసుక, కంకర 1:4:8 పాళ్ళలో, 40 మి.మీ. కంకరతో 4 అంగుళాల బెడ్డు వేశాం. వారం పోయింది. నాలుగేసి గుంటలు తీసి, అదే రోజు బెడ్డు వేసుకుంటూ వెళ్తే ఆ వారం పోదు.

ఫుటింగు జాలీకి 12 మి.మీ. రాడ్లు ఆరు అంగుళాల దూరంలో, అడుగున 50 మి.మీ. కవరు, అంటే ఇనుముకీ కాంక్రీటు అంచుకీ మధ్య మందం. కవరు కోసం ఇటుక ముక్కలు పెట్టడం మామూలైపోయింది. ఇటుక నీళ్ళు పీలుస్తుంది. అంటే చెమ్మని తిన్నగా ఇనుము దాకా తీసుకెళ్ళే దారి మనమే వేసినట్టు. ఇంటి మొత్తానికి కవర్ బ్లాకులు ముందే పోయించి, నీళ్ళలో నానబెట్టి ఉంచుకోవాలి: ఫుటింగుకి 50, కాలమ్‌కి 40, బీముకి 25, స్లాబుకి 20 మి.మీ. ఒక బస్తా సిమెంటుతో వందల బ్లాకులు వస్తాయి.

కాలమ్ సైజు దగ్గర చాలాసేపు వాదన నడిచింది. మేస్త్రి ఒక వైపు 9, ఇంకో వైపు 12 అంగుళాలు చాలన్నారు, గోడలో కలిసిపోతుందని. ఇంజనీరు రెండు వైపులా 12 కంటే తగ్గనన్నారు. భూకంపాలను తట్టుకునే నిర్మాణాలకు ఉన్న ఐఎస్ 13920 కోడు 2016 సవరణలో కాలమ్ ఏ వైపూ 300 మి.మీ.కు తగ్గకూడదని ఉంది. దాంతో 9 అంగుళాల గోడలోంచి 3 అంగుళాలు గదిలోకి పొడుచుకొస్తుంది. ఇది చాలామందికి నచ్చదు. మేం ఆ మూడు అంగుళాలను వీలున్న చోట బయటివైపుకి, లోపలికి తప్పనిచోట బీరువా వచ్చే మూలకి తిప్పించాం. కాలమ్‌ని సన్నం చేయడం కంటే దాన్ని ఎటు తోయాలో డ్రాయింగులోనే నిర్ణయించుకోవడం మేలు.

రింగుల కొక్కేలు 90 డిగ్రీలకు వంచితే పని తేలిక, అందుకే అలా చేస్తారు. 135 డిగ్రీలకు వంచి, చివరలు కాలమ్ లోపలికి వెళ్ళేలా ఉండాలి. లేకపోతే బరువు మీద పడి పైపొర రాలిన రోజు రింగు విచ్చుకుంటుంది. రాడ్డు మీద రాడ్డు అతికే చోట పొడవు మా డ్రాయింగులో మందానికి 50 రెట్లు, 16 మి.మీ. రాడ్డుకి 800 మి.మీ. అంటే రెండడుగుల ఎనిమిది అంగుళాలు. అన్ని రాడ్లూ ఒకే ఎత్తులో అతకకూడదు.

మొదటి కాలమ్ పలకలు ఊడదీసినప్పుడు అడుగున జానెడు మేర కంకర రాళ్ళు తేలి, తేనెపట్టులా గుల్లగా కనిపించింది. రెండు కారణాలు. పది అడుగుల పైనుంచి కాంక్రీటు వదిలారు, దాంతో కంకర ముందు, సిమెంటు రసం వెనక పడ్డాయి. పైగా పలకల అడుగున సందు ఉండటంతో ఆ రసం బయటికి కారిపోయింది. "ఏం కాదు సార్, ప్లాస్టింగులో కలిసిపోద్ది" అన్నారు మేస్త్రి. కలిసిపోయేది కంటికి మాత్రమే. గుల్లని ఉలితో గట్టి కాంక్రీటు తగిలేదాకా చెక్కి, కడిగి, కుంచించుకుపోని గ్రౌటుతో (సందుల్లో నింపే సిమెంటు మిశ్రమంతో) పలక కట్టి నింపించాం. తర్వాతి కాలమ్‌లను ఐదడుగుల చొప్పున రెండు విడతలుగా, వైబ్రేటరు పెట్టి, అడుగు సందుకి సిమెంటు పిండి పూసి పోశారు. మళ్ళీ ఆ సమస్య రాలేదు.

గోడల కింద వచ్చే ప్లింతు బీము పైభాగం రోడ్డుకి మూడు అడుగుల ఎత్తు పెట్టాం. ఊళ్ళో రోడ్లు వేసినప్పుడల్లా పైకి లేస్తాయి, ఇల్లు లేవదు. లోపల నింపడానికి తవ్విన రేగడి చేతికందేలా కుప్పగా ఉంటుంది, ఊరికే వస్తుంది. అది లోపల వేస్తే గచ్చు ఎప్పటికైనా లేస్తుంది. మొత్తం గ్రావెలుతో నింపించాం: తొమ్మిది అంగుళాలకు ఒక పొర, నీళ్ళు, దిమ్మిస, మళ్ళీ పొర. నింపాక రెండు వారాలు నీళ్ళు పెట్టి వదిలేస్తే నడుమ ఒకచోట రెండు అంగుళాలు దిగింది. ఆ దిగడం గచ్చు పోశాక కాకుండా ముందే అవ్వడం కోసమే ఆ రెండు వారాలు. చెదల మందు కూడా ఇప్పుడే. క్లోర్‌పైరిఫాస్ 20 శాతం మందు ఒక లీటరుకు 19 లీటర్ల నీళ్ళు కలిపితే 1 శాతం ద్రావణం. చదరపు మీటరు నేలకి 5 లీటర్లు, గోడ మొదట నిలువు భాగానికి ఏడున్నర లీటర్లు. డబ్బాలో ఎంత తెచ్చారో, ఎంత నీళ్ళు కలిపారో దగ్గరుండి చూడాలి.

సామాను గురించి. 12 మీటర్ల రాడ్డు 8 మి.మీ.ది 4.74 కిలోలు, 10 మి.మీ.ది 7.4, 12 మి.మీ.ది 10.66, 16 మి.మీ.ది 18.96 కిలోలు ఉండాలి. మందాన్ని మందంతో హెచ్చించి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. రాడ్లకు ఉన్న ఐఎస్ 1786 కోడు ప్రకారం లాటు మొత్తం మీద 8, 10 మి.మీ.లకు 7 శాతం, 12, 16 మి.మీ.లకు 5 శాతం తేడా ఒప్పుకుంటారు. బరువు లెక్కన కొంటే తక్కువ తూగే రాడ్డుతో డబ్బు పోనట్టు కనిపిస్తుంది, రాడ్లు ఎక్కువే వస్తాయి. కానీ స్లాబులో వేసేది లెక్కపెట్టి, ఆరు అంగుళాలకు ఒకటి. సన్న రాడ్డయితే స్లాబులో ఇనుమే తగ్గుతుంది. పది రాడ్లు కాటా వేయించి చూడండి.

ఇసుకకి సీసా పరీక్ష. లీటరు సీసాలో సగం ఇసుక, ముప్పావు దాకా నీళ్ళు, చెంచాడు ఉప్పు, బాగా గిలకొట్టి మూడు గంటలు కదపకుండా పెట్టాలి. పైన తేరిన ఒండ్రు పొర ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే వద్దని మా ఇంజనీరు హద్దు పెట్టారు. రెండు లోడ్లు వెనక్కి పంపాం. ఇంకో సంగతి, కాస్త తడిసిన ఇసుక ఉబ్బి 20 నుంచి 30 శాతం ఎక్కువ చోటు పడుతుంది. ట్రాక్టరు కొలతలో ఆ ఉబ్బుకీ డబ్బు కడతాం, మిక్సరులో వేసేటప్పుడూ ఇసుక తక్కువ పడుతుంది. కృష్ణకి వరదొస్తే ఇసుక రావడం కష్టమైపోతుంది. ప్లాస్టింగు ఇసుక వేసవిలోనే దించుకోనందుకు మాకు ఆగస్టు నెల దాదాపు మొత్తం పోయింది. ఈ 13 నెలల్లో ఏ లాభమూ లేకుండా ఆగిపోయింది అప్పుడే.

గోడలు. ద్వారబంధం ముహూర్తానికి నిలబెడతారు, తర్వాత ఆరేడు నెలలు అది ఎండకీ వానకీ సిమెంటు నీళ్ళకీ నానుతుంది. ఇటుకకి ఆనే మూడు వైపులా నిలబెట్టకముందే ప్రైమరు కొట్టించాలి, గడప మీద చెక్క కప్పి ఉంచాలి. ఇటుకలు నానబెట్టాలి, లేకపోతే అవి మాలులోని నీళ్ళు పీల్చేసి అతుకు పిండిగా మిగులుతుంది. రోజుకి ఐదడుగులు మించి కట్టకూడదు. నాలుగున్నర అంగుళాల గోడకి సిమెంటు ఒకటికి ఇసుక నాలుగు పాళ్ళ మాలు, నాలుగు వరసలకొకసారి రెండు 6 మి.మీ. చువ్వలు. బీము కింద ఆఖరి వరస అదే రోజు బిగిస్తే, కింద మాలు ఆరి కుదించుకున్నాక బీము అడుగున గదంతా గీత గీసినట్టు పగులు వస్తుంది. ఆ ఒక్క వరస వారం ఆగి నింపించాం.

స్లాబు రోజుకి ఎంత సామాను కావాలో ముందే లెక్క వేసుకోవాలి. దాదాపు వెయ్యి చదరపు అడుగులు, 5 అంగుళాల మందం అంటే 11.8 ఘనపు మీటర్లు. స్లాబు కిందికి దిగే బీములకి ఇంకో నాలుగు ఘనపు మీటర్లు. 1:1.5:3 పాళ్ళకి ఘనపు మీటరుకి 8 బస్తాల చొప్పున 127 బస్తాలు. 140 దించుకున్నాం. మధ్యాహ్నం మూడింటికి సిమెంటు అయిపోయి, మళ్ళీ వచ్చేలోపు ముందు పోసింది గట్టిపడితే, అక్కడ పడ్డ అతుకు జీవితాంతం నీళ్ళు కారుతుంది.

బస్తాకి 25 లీటర్ల నీళ్ళు మించకూడదు. ఎక్కువ నీళ్ళు పోస్తే మాలు జారుతూ పోయి కూలీలకి సులువు. కాంక్రీటు మాత్రం ఆ నీళ్ళు ఆవిరయ్యాక అంతమేర గుల్లబారుతుంది. మిక్సరు దగ్గర గొట్టం తీసేయించి, కొలత బకెట్లు పెట్టించాం. రోజంతా ఆ బకెట్ల దగ్గర నిలబడటానికి ఒక మనిషి ఉండి తీరాలి.

ఆ రోజు అన్నిటికంటే ముఖ్యంగా చూడాల్సింది గోడ బయటికి వేలాడే బాల్కనీ, పోర్టికో ముక్కలు. మామూలు గది స్లాబులో ప్రధాన ఇనుము అడుగున ఉంటుంది. బయటికి వేలాడే దాంట్లో పైన ఉండాలి, ఎందుకంటే అది పైవైపు చీలాలని చూస్తుంది. మా పోర్టికో మూడున్నర అడుగులు బయటికి వస్తుంది. పొద్దున ఇనుము సరిగ్గానే కట్టారు. కాంక్రీటు బళ్ళు తోస్తూ ఆ రాడ్ల మీద నడిచేసరికి అవి కిందికి వంగాయి. ఇంజనీరు టేపు పెట్టి చూస్తే, పై అంచుకి అంగుళం దిగువన ఉండాల్సిన రాడ్డు మూడు అంగుళాల దిగువన ఉంది. ఐదు అంగుళాల స్లాబులో పనికొచ్చే లోతు నాలుగు నుంచి రెండుకి పడిపోయింది, అంటే బలం సగం పోయినట్టే. మిక్సరు ఆపించి, రాడ్లు పైకి లాగి, రెండడుగులకొకటి ఇనుప కుర్చీలు (రాడ్లను ఎత్తిపట్టే వంచిన చువ్వలు) పెట్టి, నడవడానికి చెక్కలు వేశారు. నలభై నిమిషాలు పట్టింది. ఆ సాయంత్రానికి కాంక్రీటు కింద అదెలా ఉందో ఇక ఎవరూ చెప్పలేరు.

మర్నాడు సిమెంటు గట్లతో మడులు కట్టి రెండు అంగుళాల నీళ్ళు నిలిపాం. మేం వాడింది పీపీసీ (బూడిద కలిసిన) సిమెంటు, దానికి కనీసం 10 రోజులు తడి ఉండాలి. మేం 14 రోజులు ఉంచాం. కాలమ్‌లకి గోనె సంచులు చుట్టి తడిపించాం, ఉత్త నీళ్ళు కొడితే గుంటూరు ఎండకి పావుగంటలో ఆరిపోతాయి. కాంక్రీటుకి ఉన్న ఐఎస్ 456 కోడు ప్రకారం ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపు ఉన్న స్లాబుకి 7 రోజులు, దాటితే 14 రోజులు, 6 మీటర్ల లోపు బీముకి 14 రోజులు ఆధారం తీయకూడదు. ఇవి ఓపీసీ, అంటే ఏమీ కలపని మామూలు సిమెంటు లెక్కలు, పీపీసీ నెమ్మదిగా బలం పుంజుకుంటుంది కాబట్టి ఇంకా ఆగాలి. మేం 21 రోజులు ఆగాం. జాకీల అద్దె, మేస్త్రి ఫోన్లు, ఖాళీగా కనిపించే ఇల్లు, ఇదంతా ఓపికకి పరీక్షే. కానీ ఈ మూడు వారాలు పని ఆగినట్టు కాదు, ఆ రోజుల్లో పని చేస్తున్నది కాంక్రీటు.

కరెంటు పైపులు స్లాబులో పడేముందూ, గోడల్లో గాడి కొట్టి పైపులు వేశాకా ప్రతి గోడకీ టేపు పెట్టి ఫొటో తీయాలి. రేపు మేకు కొట్టేటప్పుడు ఆ ఫొటోనే దిక్కు. నాలుగున్నర అంగుళాల గోడకి రెండు వైపులా ఒకేచోట గాడి కొట్టనివ్వకండి, మధ్యలో మిగిలేది రేకంత గోడ. గీజరుకీ ఏసీకీ 4 చదరపు మి.మీ. వైరు, ప్లగ్గులకి 2.5, లైట్లకి 1.5 వేయించాం. నీళ్ళ పైపులకి ప్లాస్టింగు ముందే చేతిపంపుతో ప్రెషరు ఎక్కించి ఒక రోజు వదిలాం. రెండు అతుకులు చెమ్మగిల్లాయి, పది నిమిషాల్లో మార్చారు.

ప్లాస్టింగు లోపల 12 మి.మీ., బయట రెండు పూతల్లో 20, సీలింగుకి 6. కాలమ్, గోడ కలిసే గీత మీద అడుగు వెడల్పు కోడి జాలీ (సన్న ఇనుప తీగల వల) కొట్టాకే పూయాలి, లేకపోతే మొదటి వేసవికి అక్కడ నిలువు పగులు. ఒక గోడ తూకం గుండుకి అంగుళం వాలి ఉంటే ఆ లోటంతా మాలుతో ఒకేసారి నింపబోయారు. అంత మందం ఒకేసారి పూస్తే ఊడివస్తుంది. కొట్టి చూస్తే బోలు శబ్దం వచ్చిన మేరా తీయించి రెండు పూతలుగా మళ్ళీ చేయించాం.

బాత్రూంలో టైలుకి ముందు పరీక్ష గురించి ఎంత చెప్పినా తక్కువే. కింద అంతస్తే కదా, కారితే భూమిలోకేగా అంటారు. రేగడిలో ఆ కారే నీళ్ళే ప్రమాదం, ఒక్క మూల నేల ఏడాది పొడవునా తడిగా ఉండి ఉబ్బితే గోడ లేస్తుంది. నేలకీ గోడల మీద అడుగు ఎత్తుకీ వాటర్‌ప్రూఫింగు రెండు పూతలు వేయించి, నానీ ట్రాపు (నేల మీద నీళ్ళు దిగే గొట్టం) మూతి బిగించి, నాలుగు అంగుళాల నీళ్ళు నిలిపి గోడ మీద పెన్సిలు గీత గీశాం. 48 గంటలు ఉంచాలనుకుంటే, పొద్దునకే నీళ్ళు గీతకి అంగుళం కింద ఉన్నాయి. ట్రాపు, కాంక్రీటు కలిసే చుట్టూ సన్నని సందు. దాన్ని చెక్కి, గ్రౌటు నింపి, మళ్ళీ పూత వేసి, మళ్ళీ నీళ్ళు పెడితే రెండు రోజులూ గీత కదల్లేదు. అప్పుడు టైలు వేయమన్నాం. బయట డ్రైనేజీ పైపుకీ ఇదే జాగ్రత్త: పది అడుగులకి మూడు అంగుళాల వాలు, మలుపు తిరిగే ప్రతిచోటా చాంబరు, మట్టి కప్పేముందు నీళ్ళు వదిలి ప్రతి అతుకూ తడిమి చూడటం.

అన్నిటికంటే ఆఖర్న, రంగులు కూడా అయ్యాక, ఇంటి చుట్టూ నడవ వేయించాం. ప్రహరీకీ ఇంటికీ మధ్య మీటరు మేర రేగడిని అడుగున్నర లోతు తీసి, గ్రావెలు దిమ్మిస కొట్టి, మీద నాలుగు అంగుళాల కాంక్రీటు, ఇంటి నుంచి బయటికి ఒకటిన్నర అంగుళాల వాలు. గోడ, నడవ కలిసే చోట అర అంగుళం సందు వదిలి సీలెంటు నింపారు, నేల కదిలితే నడవ కదలాలి గానీ గోడని లాగకూడదని. డబ్బు అయిపోయే దశలో వచ్చే పని కాబట్టి దీన్ని చాలామంది తర్వాత చూద్దామనుకుంటారు. మార్చిలో గృహప్రవేశం అయింది. ఏప్రిల్ చివరికి వీధివైపు ఖాళీ నేల వేలు దూరేంత వెడల్పున బీటలిచ్చింది. ఆ బీట మెలికలు తిరుగుతూ వచ్చి నడవ అంచు దగ్గర ఆగింది. అవతల మీటరు దూరంలో గోడ మొదట్లో నింపిన సీలెంటు మాత్రం ఎక్కడా విడలేదు.